ముక్కులో శనగగింజ

నా చిన్నప్పుడు రెండు రోజుల పాటు తల పైకెత్తకుండా తిరిగాను. ఎడమ ముక్కులో శనగగింజ ఇరుక్కుంది. తల ఎత్తితే అది మెదడులోకి దొర్లిపోతుందని నా భయం.

అప్పుడు నాకు ఆరేళ్లు. మా నాయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. అమ్మ శనగలు చెరుగుతుంటే నేను పక్కన కూర్చుని, ఒక గింజను ముక్కులో పెట్టుకుని ఊపిరితో ఎగరగొడుతూ ఆడుకున్నాను. రెండుసార్లు ఎగిరింది. మూడోసారి పొరపాటున లోపలికి పీల్చాను. పక్కింటి అక్కకు ఒక్కదానికే చెప్పాను. "అయ్యో, మెదడుకెక్కితే సచ్చిపోతావే!" అందామె. ఎవరికీ చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను.

వంగే తిన్నాను, వంగే ఆడాను. పడుకోవాలంటే బోర్లా పడుకున్నాను. గింజ నాని ఉబ్బుతున్నట్టు తెలుస్తూనే ఉంది. రెండోరోజుకు నోటితోనే ఊపిరి పీలుస్తున్నాను. ఒకవైపు నుంచే చీమిడి కారడం చూసి నాయన నా గడ్డం పట్టి ముఖం ఎండకు తిప్పాడు. విషయం బయటపడింది. చెవిలో గుబిలి తీసే పుల్ల తెచ్చి తీయబోయాడు. గింజ ఇంకా లోపలికి పోయి రక్తం కారింది. రాతిమీద వెంట్రుకవాసి తప్పని ఆ చెయ్యి పుల్లను దూరంగా విసిరేసింది. వెంటనే నన్ను భుజాన వేసుకుని నంద్యాల బస్సెక్కాడు. దారి పొడవునా నా ముక్కు కింద తువ్వాలు ఒత్తిపట్టే ఉన్నాడు. నాకు చావు ఖాయమని తేలిపోయింది.

నంద్యాలలో డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "మెదడుకు పోయిందా?" అని నేను ఏడుస్తూ అడిగితే నవ్వలేదు. అలమారలోంచి ఒక పుర్రె తీసి నా ముందు పెట్టింది. దానికి ముక్కే లేదు. ముక్కున్న చోట బొక్క మాత్రమే ఉంది.

"ముక్కు కొస మెత్తటిది పాపా, ఎముక గాదు. అందుకే ఈడ లేదు. లోపల జూడు. నడిమధ్యన గోడ. పక్కన చిన్న అరుగుల మాదిరి మూడు చుట్టలు. నీ గింజ ఈ కింది అరుగు కాడుంది. పైన కప్పు ఎముకే. దాంట్లో జల్లెడ కన్నాలున్నాయి గానీ, ఆవగింజ గూడా దూరదు. ముక్కులో దారి పైకి పోదు, ఎనక్కి పోతాది."

ఆ మాట వినగానే రెండు రోజుల తరువాత మొదటిసారి తల ఎత్తాను.

నాయన మాత్రం పుర్రె వైపు చూస్తూ ఉండిపోయాడు. "ఇన్నేండ్లు ముక్కులు చెక్కినా. లోపల ఇంత పనుందని తెల్దమ్మా" అన్నాడు. డాక్టరమ్మ ఆయనతో కొంచెం కటువుగానే మాట్లాడింది. "పుల్లతో పొడిస్తివి. ఎనక్కి జారి ఊపిరిగొట్టంలో పడింటే ఏం జేస్తాంటివప్పా?"

తరువాత ఉపాయం ఆమే చెప్పింది. నాయన నా కుడి ముక్కు వేలితో మూసి, నా నోటిమీద నోరు పెట్టి ఊదాలి. ఆయన మీసాలకు రాతిపొడి వాసన. మొదటిసారి ఏమీ కాలేదు. నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండోసారి గట్టిగా ఊదగానే, ఉబ్బి తొక్క ఊడిన గింజ ఎగిరొచ్చి ఆయన చెంపకు తగిలింది. ఆయన నన్ను ఒళ్లోకి లాక్కుని చాలాసేపు వదలలేదు.

తిరుగు బస్సులో అడిగాడు. "నాకెందుకు చెప్పల్యా?"

"కొడతావని."

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజు తరువాత నన్ను ఎన్నడూ కొట్టలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఏదో పగలగొట్టి, ఏదో మింగి, తలుపు వెనక నక్కుతారు. కోపం నోటిదాకా వస్తుంది. కానీ "ఎందుకు దాచావు?" అని వాళ్లను అడిగేముందు, వీళ్లకు నేనంటే ఎందుకింత భయం పుట్టిందని నన్ను నేనే ఒకసారి ప్రశ్నించుకుంటాను.