అది శిగం కాదు, ఆకలి

బోనాల రోజు ఛత్రినాకలో మా గల్లీ మలుపు తిరుగుతుండగా నా కాళ్లు వణికాయి. నెత్తిమీద బోనం. డప్పుల మోత ఎక్కడికో పోయి కళ్ల ముందు నల్లబడింది. ఊగిపోతున్న నన్ను చూసి ఎవరో "శిగమొచ్చింది, శిగమొచ్చింది!" అని అరిచారు. బోనం దించి, చేతుల్లో వేపకొమ్మలు పెట్టి, కాళ్లమీద పసుపునీళ్లు పోశారు. అమ్మ దండం పెట్టింది. చెల్లెలు శ్రావ్య కూడా నా కాళ్లు మొక్కింది.

నాకు అమ్మవారు పూనలేదు. నెలలుగా సరిగ్గా తినక ఒంట్లో సత్తువ లేదు, అంతే.

ఇంట్లో మా అసలు పేర్లు ఎవరికీ అక్కరలేదు. లావుగా ఉంటానని నేను మోటీ, చిన్నదని చెల్లి ఛోటీ. పండక్కి ఇద్దరికీ ఒకే తానులో బట్టలు కుట్టించేవారు. తొడుక్కొని నిలబడితే చుట్టాలు చెల్లిని చూసి మురిసి, నన్ను చూసి నవ్వేవారు. "జర చెల్లెను జూసి నేర్చుకోరాదే" అనేది అమ్మ, ప్రేమగానే. ఒక్కపొద్దులు మొదలుపెట్టాను. మొదట సోమవారం, తర్వాత శనివారం, ఆ తర్వాత వారమంతా. దేవుడి పేరు చెబితే తినమని ఎవరంటారు? "మా పెద్దదానికి మస్తు భక్తి" అని అమ్మ వాడంతా చెప్పుకుంది.

బోనాలైన కొన్నాళ్లకే బాత్రూమ్‌లో పడిపోయాను. ఆస్పత్రిలో బ్లడ్ టెస్టులు చేశారు, ఈసీజీ తీశారు. పొటాషియం తక్కువ, పల్స్ స్లో అన్నారు. గ్యాస్ట్రిక్ అనుకొని వెళ్తే సైకియాట్రీకి పంపారు.

"అనోరెక్సియా. లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బు" అంది డాక్టరమ్మ. "గోలీ ఒక్కటే సరిపోదమ్మా. ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరినీ పోలుస్తారా?"

"లేదు మేడమ్, ఒక్కతీర్గనే జూసినం. బట్టలు గూడ ఒక్కతీర్గనే!" అంది అమ్మ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కౌన్సెలింగ్‌తో కాస్త తేరుకున్నాను. బుగ్గలు నిండగానే చిన్నమ్మ "మల్ల మోటీ అయినవ్ గదనే" అంది. మళ్లీ తినడం మానేశాను, మళ్లీ అడ్మిషన్. జబ్బు తిరగబెట్టింది, రిలాప్స్ అన్నారు.

ఇప్పుడు తింటున్నాను, ప్రతి ముద్దకూ భయపడుతూ. పూర్తిగా నయమవుతుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. ఈ మధ్య శ్రావ్య కంచం పక్కకు జరిపింది.

"ఒక్కపొద్దక్కా."

"దేవుని కోసమా, లావైతవనా?"

"నన్ను గూడ నీ లెక్క మోటీ అని పిలుస్తరని బుగులైతుందక్కా."

అమ్మకు చెప్పాను. "దానికేమైతది? సన్నగనే ఉన్నది గద" అంది.

మీ ఇంట్లో ఆడపిల్ల ఒక్కపొద్దుంటే మెచ్చుకోకండి. పొద్దుగూకాక పక్కన కూర్చొని, ఆ ఒక్క పూటైనా తింటుందో లేదో చూడండి. తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నేను రోజూ శ్రావ్య పక్కన కూర్చుంటున్నాను. నేను తింటేనే తింటానంటుంది. నిన్న ఇద్దరం కంచాల ముందు కూర్చొని, అన్నం చల్లారేదాకా ఒకరినొకరం చూసుకున్నాం.