తెగని దారం

ఫిబ్రవరి ఆరు. పిడుగురాళ్ల బస్సు. నేను, నా భార్య, పక్క సీటులో బొంతలు కుట్టి బతికే ఒక పెద్దామె.

మా ఆవిడ ఒడిలో, మనవడికని పాత చీరలతో మిషను మీద కుట్టిన బొంత ఉంది. గట్టిగా ఉంటుందని నైలాన్ దారం తెచ్చింది నేనే.

పెద్దామె బొంత తడిమి చూసింది. "పాత గుడ్డకి నూలు దారం వెయ్యాలమ్మా. ఇదెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మా ఆయన తెలివి!" అని మా ఆవిడ నవ్వింది.

పెద్దామె నవ్వలేదు. అంచు పట్టి కాస్త లాగింది. కుట్టు వెంట గుడ్డ చిరిగి, దారం ఉచ్చులా పైకి లేచింది. అందులో తన చిటికెన వేలు పెట్టి బిగించింది. వేలి కొస నల్లబడింది.

"గుడ్డ చిరుగుద్ది గానీ ఇది తెగదండీ. పసోడి కాలివేలికి చుట్టుకుంటే ఏడుస్తాడు. మీరేమో ఆకలనుకుంటారు."

ఇలాంటిదే ఇంకొకటి పోయిన వారం పంపాం. వెంటనే అమ్మాయికి ఫోన్ చేశాను.

"పొద్దుటి నుంచీ ఒకటే ఏడుపు నాన్నా. పాలు పట్టినా ఆగట్లా."

"బొంత తీసి కాలివేళ్లు చూడమ్మా," అన్నాను. మరుక్షణం అమ్మాయి కేక వినిపించింది.

దారం ఆసుపత్రిలో కోసి తీశారు. మర్నాడు ఉదయం డాక్టరు కట్టు విప్పి, స్పర్శ ఉందేమోనని ఆ వేలిని సూదితో గుచ్చారు.

బాబు ఏడవలేదు.