తుపాకీకి నూనె పోసింది నేను

పదకొండేళ్ళ నుంచి ఒక మనిషి పేరు నా ఛాతీ మీద బండలా కూర్చుని ఉంది. అన్నం తింటాను, నమాజు చేస్తాను, నవ్వుతాను కూడా. అది మాత్రం కదలదు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు ఇన్నేళ్ళూ లేకపోయింది. నాకు అక్షరాలు వచ్చి మూడేళ్ళే అయింది, అదీ అరవై దాటాక. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇందులో చెప్పబోయే తప్పును మాత్రం సర్దుకోమని అడగను.

మాది రాయచోటి వైపు. కువైట్‌కు రాకముందు నాపరాళ్ళు కోసే మిషను దగ్గర పనిచేశాను. ఇక్కడ ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా కుదిరాను. ఇంటి యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేవాళ్ళం. చేరేటప్పుడు ఏడో తరగతి చదివానని చెప్పాను. నిజానికి ఒక్కరోజు బడికి పోలేదు. రోడ్డు బోర్డులను రంగును బట్టి, అంగళ్ళను బొమ్మలను బట్టి గుర్తుపెట్టుకుని బండి నడిపాను. నా సంగతి తెలిసినవాడు ఆ ఇంట్లో ఒక్కడే. వంట చేసే సత్తిబాబు, అప్పటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. కోనసీమ మనిషి, ఇంటరు చదివినవాడు, నాకన్నా పదేళ్ళు చిన్న. ఊరి నుంచి మా అమ్మాయి పంపే మెసేజీలు చదివి వినిపించేది అతనే. పరాచికానికి కూడా ఆ సంగతి ఎవరి ముందూ ఎత్తలేదు.

ఆ చలికాలం బాబా లైసెన్సు మీద ఒక రైఫిలు కొన్నాడు. బయటి దేశం నుంచి దిగిన సెమీ ఆటోమేటిక్. మొదటి తూటా ఎక్కిస్తే చాలు, ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒకటి పేలి తర్వాతది దానంతటదే లోపలికి వస్తుంది. ఆ రకంలో చౌకది. స్నేహితులు ఆయన్ని ఏడిపించారు. "ఇది పిట్టల్ని కొట్టడానికా, పిట్టల్ని నవ్వించడానికా?" అన్నాడు ఒకాయన. బాబాకు పంతం వచ్చింది. శుక్రవారం తుపాకులు కాల్చే రేంజికి తీసుకుపోయి వాళ్ళ ముందే కాల్చి చూపిస్తానన్నాడు. గురువారం పొద్దున పెట్టె నా చేతిలో పెట్టాడు. "లోపల కాగితం ఉంది. చదివి, అందులో ఉన్నట్టే శుభ్రం చెయ్యి" అన్నాడు. సరే బాబా అన్నాను. ఏడో తరగతి చదివినవాణ్ణి కదా.

వంటింటి వెనక వసారాలో పెట్టె విప్పాను. తుపాకీ నిండా మైనం లాంటి జిడ్డు. తుప్పు పట్టకుండా కంపెనీవాళ్ళే పూసి పంపుతారట. సత్తిబాబు చేతులు తుడుచుకుంటూ వచ్చి, దేన్నీ ముట్టుకోకుండా, కాగితం మాత్రం తీసుకుని చదివాడు.

"ముందు ఈ జిడ్డంతా కిరసనాయిలుతో కడిగెయ్యమన్నాడండీ. తూటాను లోపలికి తోసే ఈ బోల్టుంది చూశారా, దీని లోపల తూటాను పేల్చే పిన్ను ఉంటదంట. కడిగి ఆరబెట్టి ఊపితే టకటకా చప్పుడు రావాలంట. రాకపోతే కాల్చొద్దంటున్నాడు. నూనె ఒక్క చుక్కేనండోయ్."

"యంత్రానికి ఒక్క చుక్క నూనె యాడన్నా ఉంటాదా అబ్బీ? మిషన్ల కాడ పెరిగినోణ్ణి నేను."

"మీరు కోసింది రాళ్ళండీ సాయిబు గారూ. ఇది తుపాకీ అండీ బాబూ." ఇంకోసారి మొదటి నుంచి చదివి వినిపించి, కాగితం మడిచి నా జేబులో పెట్టి, పొయ్యి దగ్గరకు పోయాడు.

బండలు కోసే చోట మా మేస్త్రీ ఒక్కటే నేర్పాడు. రాసుకునే ప్రతి చోటా నూనె పొయ్యి, ఆలోచించకు. అక్కడ అది సరిపోయింది. ఎందుకంటే అక్కడ రోజంతా నీళ్ళు పారుతుంటాయి, దుమ్ము ఎక్కడా నిలవదు. కువైట్ దుమ్ము వేరు. పిండి కన్నా సన్నం. తడి తగిలితే అతుక్కుంటుంది. పదేళ్ళుగా కారు తుడుస్తున్నవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. మరి ఎందుకు చేశాను? ఒక వంటవాడు చదివి చెబితే వినడమేమిటని. అంతకు మించి కారణం ఎంత వెతికినా దొరకలేదు. నాకు లేని చదువు అతనికి ఉంది. ఆ చదువు మీద నాకు కోపం.

పైపైన తుడిచాను. బోల్టును కడగలేదు. మామా కుట్టుమిషను నూనె సీసా తెచ్చి సగం దాకా పోశాను. తర్వాత బోల్టును చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు రాలేదు. ఈ మాట తేలిగ్గా దాటవేయడం నాకు ఇష్టం లేదు, మళ్ళీ రాస్తున్నాను. చప్పుడు రాలేదు, రాలేదని నేను విన్నాను. విని, ఇంకాస్త నూనె పోసి, గుడ్డతో మెరిసేలా రుద్ది పెట్టెలో పెట్టాను.

శుక్రవారం రేంజిలో గాలి లేచింది. ఆకాశం దుమ్ముతో పసుపుపచ్చగా అయింది. బాబా స్నేహితులు నలుగురు, తుపాకులు నేర్పే ఈజిప్టు మనిషి ఒకడు, నేను. వెనక చాప మీద సత్తిబాబు ఫ్లాస్కులూ ఖర్జూరాలూ సర్దుతున్నాడు. తుపాకీ బయటికి తీస్తే బాగుందనే అన్నారు. చెక్క తేలిక. ట్రిగ్గరు గట్టిగా, ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు ఉందన్నాడు బాబా. మొదటి తూటా పేలినప్పుడు శబ్దం నా పళ్ళలో తెలిసింది. ఖాళీ తూటా గుల్ల కుడివైపు ఎగిరి సిమెంటు మీద గింగిరాలు తిరిగింది. ఎనిమిది కాల్చాడు. అన్నీ అట్ట మీద కాస్త ఎడమకు పడ్డాయి, కానీ ఒకదాని పక్కన ఒకటి, అరచేయంత చోటులో. ఎగతాళి చేసినాయన గడ్డం గోక్కున్నాడు. బాబా నావైపు తిరిగి కన్ను కొట్టాడు. ఆ క్షణం నేను గర్వపడ్డాను. చూశావా, ఒక్క చుక్కట! అనుకున్నాను.

తర్వాత గాలి దుమారం మా మీదుగా పోయింది. అందరం మొహాలు కప్పుకున్నాం. తుపాకీ బల్ల మీద తెరిచే ఉంది. గాలి తగ్గాక బాబా రెండోసారి తూటాలు ఎక్కించాడు. గొట్టం నేలవైపు ఉంచి బోల్టు వదిలాడు. వేలు ట్రిగ్గరు మీద లేదు. నేను చూశాను, లేదు. అయినా పేలింది.

సిమెంటు పెచ్చు లేచి బాబా పిక్కను చీల్చింది. ఆయన తొడుక్కున్న తెల్ల దిష్‌దాషా అంగీ మోకాలి కింద ఎర్రగా అయింది. ఈజిప్టు మనిషి తుపాకీ లాక్కుని, బోల్టు ఊడదీసి, పిన్నును వేలితో నొక్కాడు. అది ముందుకు పోయి ఇరుక్కుని ఉంది, వెనక్కి రాలేదు. వేలు బయటికి తీసి అందరికీ చూపించాడు. నల్లటి బురద. నూనె, జిడ్డు, ఇసుక. "దీన్ని శుభ్రం చేసిందెవరు?" అన్నాడు.

బాబా నావైపు చూశాడు. కోపంగా కూడా కాదు, నొప్పిలో చూశాడు, అంతే. నేను చెయ్యెత్తి చాప వైపు చూపించి, సత్తిబాబు అన్నాను. నేను కారు కడుగుతున్నాను, అతనికి అప్పజెప్పాను అన్నాను.

చాలాసార్లు ఆ నిమిషంలోకి తిరిగి పోయాను. ముందే అనుకుని చెప్పానా? లేదు. నోరు దానంతటదే తెరుచుకుందా? అదీ అబద్ధమే, నోరు ఎవరిది? కాగితం చదివావా అని అడుగుతారు, ఏమని చదివావో చెప్పమంటారు, ఏడో తరగతి బయటపడుతుంది, పని పోతుంది, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది, ఇవన్నీ ఒక్కసారిగా నా కళ్ళ ముందు పడ్డాయి, వాటన్నిటికీ అడ్డంగా నిలబెట్టడానికి చేతికి దొరికిన మనిషిని నిలబెట్టాను.

తుపాకీ గాయం కాబట్టి పోలీసులు వచ్చారు. సత్తిబాబు ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకునే జీపెక్కాడు. వాళ్ళు అడిగినదానికి "నేను చెయ్యలేదు" అని మాత్రం చెప్పాడట. నా చదువు సంగతి మాత్రం ఎత్తలేదు. చెప్పి ఉంటే లెక్క వేరుగా ఉండేది. వారం తిరక్కుండా వేలిముద్రలు తీసుకుని దేశం దాటించమన్నారు. వేలిముద్రలు పడినవాడు మళ్ళీ ఇక్కడికి రాలేడు. అతని సంచి ఇచ్చి రమ్మని బాబా నన్నే పంపాడు.

ఊచలకు అవతల నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి మొదట అడిగింది వంట సంగతి.

"ఆ రోజు శనగలు నానబెట్టి వచ్చానండీ. పారబోశారా?"

"పారబోసినారు." సంచి ఊచల దగ్గర పెట్టాను. "సత్తిబాబూ, నేను బాబాకు చెప్తా. రేపే చెప్తా" అన్నాను.

"రేపు నా ఫ్లైటండీ."

"అయితే ఎల్లుండి..."

నవ్వాడు. "ఎల్లుండి ఎవరి కోసం చెబుతారండీ? చెప్పేవారైతే ఆయన అడిగినప్పుడే చెప్పేవారు." కాసేపు ఊచను గోటితో గీకాడు. "నాకు ఒక్కటే అర్థం కాలేదండీ సాయిబు గారూ. రెండుసార్లు చదివాను కదా. నేను తప్పు చదివానా?"

"లేదప్పా. నువ్వు సరిగ్గానే చదివినావు."

"అద్దీ. అదొక్కటీ తెలిస్తే చాలండీ. నేనే తప్పు చదివానేమోనని నాలుగు రోజులుగా నిద్ర లేదు." సంచి తీసుకుని లోపలికి పోయాడు. వెనక్కి చూడలేదు.

తిట్టి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

నెల తర్వాత కారులో బాబా తన పిక్క మీద మచ్చ తడుముకుంటూ అన్నాడు: "ఆ పని నువ్వు చేసి ఉంటే రెండు తిట్లు తిట్టి వదిలేసేవాణ్ణి. పోలీసులకు కూడా నా చెయ్యి జారిందనే చెప్పేవాణ్ణి. నిన్నగాక మొన్న వచ్చినవాడి కోసం అబద్ధం ఎలా ఆడను?" నేను రోడ్డు చూస్తూ బండి నడిపాను. అప్పుడైనా చెప్పొచ్చు. సిగ్నలు పడింది, ఆగాను, పచ్చ లైటు వచ్చింది, కదిలాను. రెండేళ్ళకు బాబా చనిపోయాడు. చెప్పాల్సిన ఒక చెవి అట్లా మూసుకుపోయింది.

ఇప్పుడు నేను దజీజ్‌లో ఒక గోడౌనుకు కాపలా. ఫర్వానియాలో ఆరుగురం ఒక గదిలో ఉంటాం. నన్ను ఎవరూ తరమలేదు, నా కథ ఎక్కడా బయటపడలేదు. పైగా ఆ రేంజి సంగతిని ఒక హాస్యంగా మార్చుకున్నాను. "చౌక తుపాకీ కొంటే అట్లే అయితాది" అని మొదలుపెట్టి, బాబా ఎగిరి పడటం, స్నేహితులు చాప కింద దూరడం నటించి చూపించేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఆ కథలో నూనె ఉండేది కాదు, సరిగ్గా తుడవని వంటవాడు సత్తిబాబు మాత్రం ఉండేవాడు. తుపాకీకి మాట రాదు, సత్తిబాబు దేశంలో లేడు. ఇద్దరి మీదా ఎంత వేసినా అడిగేవాళ్ళు లేరు.

పోయిన నెల మా గదికి అమలాపురం నుంచి వీర్రాజు అనే అతను కొత్తగా వచ్చాడు. ఒక సెలవు మధ్యాహ్నం అన్నాలయ్యాక గదివాళ్ళు నన్ను ఆ కథ చెప్పమన్నారు. చెప్పాను. వీర్రాజు అందరికన్నా ఎక్కువ నవ్వి, తొడ చరిచాడు.

"ఆయ్, ఆయన మా పక్క ఊరోడేనండీ! తుపాకీ సత్తిబాబు! పెళ్ళిళ్ళకి వంట కుదుర్చుకున్నా సరే, గరిటైనా సరిగ్గా తుడుస్తావా లేక అదీ పేలుద్దా అని ఆడిపోసుకుంటారండీ. వాళ్ళమ్మాయిని కూడా బళ్ళో తుపాకీ వారమ్మాయి అనేవోరు."

గది మొత్తం నవ్వింది. నేనూ నవ్వడానికి నోరు తెరిచాను. పదకొండేళ్ళ అలవాటు. కానీ నవ్వు రాలేదు.

"తుడవనిది నేను" అన్నాను. "ఆయప్ప దాన్ని ముట్టుకోనేలేదు. చేతులు తుడుచుకోనొచ్చి కాయితం చదివినాడు, అంతే. నూనె పోసింది నేను. పేరు చెప్పింది నేను."

వీర్రాజు ఎంగిలి పళ్ళెం తీసుకుని లేచాడు. తలుపు దగ్గర ఆగి, "మరి ఇన్నేళ్ళూ ఏం చేశారండీ?" అన్నాడు. ఆ రోజు నుంచి అతను నాతో కలిసి కూర్చోవడం మానేశాడు. మానెయ్యనీ.

అక్షరాలు ఎందుకు నేర్చుకున్నావు ఈ వయసులో అని అడిగితే, మెసేజీలు చదివిపెట్టేవాళ్ళు లేక అని చెప్పేవాణ్ణి. అది నిజమే. చదివిపెట్టే మనిషిని నేనే పంపించేశాను. కానీ చదవడం వచ్చాక కూడా ఈ సంగతి రాయడానికి మూడేళ్ళు పట్టింది, కాబట్టి అక్షరాలు లేకపోవడం నాకు అడ్డు కాదు, ఎప్పుడూ కాలేదు. సత్తిబాబుకు ఫోను చేశావా అని మీరు అడుగుతారు. నంబరు వీర్రాజు దగ్గర ఉంది. అడగలేదు. చేసి ఏమనాలి? క్షమించు అంటే ఆ భారం కూడా అతనికే అప్పజెప్పినట్టు అవుతుంది. అట్లని చెయ్యకపోవడం గొప్పతనం కాదు, భయం. ఇక్కడ నా పేరు రాయకపోవడం కూడా అదే.

అయినా రాశాక ఛాతీలో ఊపిరి కొంచెం కిందికి దిగుతోంది. అంతకన్నా ఎక్కువ నాకు రావాల్సింది లేదు. అమలాపురం వైపువాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక్క పని చెయ్యండి. ఆయన్ని ఆ పేరుతో పిలవడం ఆపండి. అది నా పేరు.