దిగనివాడు

ఆ కట్టడం దగ్గర పనిచేసేవాళ్లు అతన్ని గద్ద అని పిలిచేవాళ్లు. పొద్దున టవర్ క్రేను నిచ్చెన ఎక్కితే పని ముగిసేదాకా దిగేవాడు కాదు. పైన అద్దాల గదిలో ఒక కుర్చీ, చేతుల కింద రెండు మీటలు. వంగి చూస్తే పాదాల కింద చీమల్లా మనుషులు. అతను ఒక్కసారి దిగి ఎక్కేలోపు కింద కాంక్రీటు బిగిసిపోతుంది. అందుకే క్రేను నడిపేవాళ్లు ఒంటేలుకి ఓ ఖాళీ సీసా వెంట తీసుకెళ్తారు. గద్ద మాత్రం మంచినీళ్లే తగ్గించేశాడు. వయసు మీదపడ్డాక సీసాలో నాలుగు చుక్కలు కూడా పడకపోతే, ఒళ్లు దారికొచ్చిందని మురిసిపోయాడు.

"మా బావది ఒంటె జాతి. తాగడు, పొయ్యడు," అనేవాడు బావమరిది. కింద నిలబడి వాకీటాకీలో బరువు ఎటు దించాలో చెప్పే పని అతనిది.

"నీలా గంటకోసారి గోడ వెతుక్కుంటే ఇల్లు కట్టినట్టే రా!" పైనుంచి జవాబొచ్చేది.

కొన్నాళ్లకు నిద్రలో పక్క తడవడం మొదలైంది. సాయంత్రం తాగే నీళ్ల వల్లే అనుకుని అవీ మానేశాడు. బొడ్డు కింద గట్టిగా, గుండ్రంగా ఎత్తు లేచింది.

"తినేది పిడికెడు. ఈ పొట్ట ఎక్కడిదయ్యా?" అంది భార్య.

"కూర్చుని చేసే ఉద్యోగం కదే," అన్నాడు నవ్వేస్తూ.

పాదాలు వాచాయి. అన్నం చూస్తే వికారం. ఓ సాయంత్రం దిగబోతే కాళ్లకు మెట్లు అందలేదు. బావమరిది పైకెక్కి, నడుముకి తాడు కట్టి, ఒక్కో మెట్టూ దింపుకొచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ ఎత్తు మీద చెయ్యి పెట్టి చూసి మూత్రం గొట్టం వేయించింది. సంచి నిండింది. ఖాళీ చేస్తే మళ్లీ నిండింది. ఇదంతా తనలోదేనా అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

"ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి నొక్కేసింది, పెద్దాయనా. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు రెండూ ఉబ్బాయి. ఒక్కసారిగా ఆగిపోయుంటే నొప్పికి తట్టుకోలేక అప్పుడే వచ్చేవాళ్లు. మెల్లగా నిండింది కాబట్టి తెలియలేదు."

"నేను అదుపు అనుకున్నానమ్మా."

ఆమె నిండిన సంచి కొలత చీటీలో రాసుకుంది.

మూత్రం వరదలా పోతుంటే సెలైన్ ఎక్కిస్తూ, రోజూ రక్తం పరీక్ష చేశారు. కుడి కిడ్నీ కొంత తేరుకుంది. ఎడమది పొరలా పలచబడిపోయింది, ఇక పనికిరాదన్నారు. తర్వాత ఆపరేషన్ చేసి దారి తెరిచారు. కానీ సాగి సాగి వదులైన మూత్రాశయానికి పిండే బలం లేదు. వేళ తప్పకుండా, చేతులు శుభ్రంగా కడుక్కుని, సన్నని గొట్టం తనే పెట్టుకుని ఖాళీ చేసుకోవాలి. అశ్రద్ధ చేస్తే మిగిలిన కిడ్నీ కూడా పోతుంది.

అతను ఒక్కటే అడిగాడు. "క్రేను ఎక్కొచ్చా?"

"పైన సబ్బు, నీళ్లు, నిలబడే చోటు ఉన్నాయా?"

"కుర్చీ ఉంది."

"కుదరదు, పెద్దాయనా."

ఇంటికొచ్చాక కూడా, ఓ డబ్బాలో నీళ్లు పట్టుకెళ్తానని భార్యతో వాదించాడు.

"ఎంత తోమినా గ్రీజు వదలని చేతులు నీవి! నువ్వు కాపురం చేసేది నాతోనా, ఆ ఇనుముతోనా?" అని గట్టిగా అరిచింది. కాసేపటికి, "ఉన్న ఆ ఒక్కదాన్నీ పైకి మోసుకుపోకయ్యా," అంది నెమ్మదిగా. అతను డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టేశాడు.

కింద, బావమరిది పక్కన పని ఇచ్చారు. పైన కొత్త మనిషి. గాలి లేచినప్పుడల్లా గద్ద చేతులు, అక్కడ లేని మీటల కోసం కదిలేవి.

ఒకరోజు ఇనుప చువ్వల కట్ట గాల్లో ఉండగా గొట్టం వేళ అయింది. బరువు వేలాడుతుండగా వదిలి వెళ్లడం అతని ఒంట్లోనే లేదు.

"నేను చూస్తాలే, వెళ్లు బావా."

"దిగనియ్యి రా."

"అది దిగుతుంది. నువ్వు వెళ్లు."

వాకీటాకీ బావమరిది చేతిలో పెట్టి, కొళాయి ఉన్న రేకుల గదిలోకెళ్లి, మోచేతుల దాకా సబ్బు రాసుకున్నాడు. బయట కొత్తవాడి గొంతు గరగరలాడింది. "కింద ఎవరున్నారు?"

"నేనే ఉన్నా. దించు," అన్నాడు బావమరిది.

గద్ద కొళాయి తిప్పి, కట్ట నేలను తాకిన చప్పుడు వినబడకుండా నీళ్లు పెద్దగా వదిలాడు.