నేపాలీకి నేను పడ్డ పూచీ

మా ఇంట్లో నా మాటకు చిల్లిగవ్వ విలువ లేదు. మలేషియాలో మా కువాలా సెలంగోర్ టీకొట్లో, మొసలి నా చెప్పు మింగి, మర్నాడు రెండో చెప్పు కోసం మళ్లీ వచ్చిందని చెప్పినవాణ్ని నేనే. అలాంటి నన్ను పట్టుకుని మా బావ ఒక నేపాలీకి పూచీ ఉండమన్నాడు.

బావంటే మా అక్క మొగుడు. పామాయిల్ తోట ఆయనది, అందులో గెలలు కోసేది నేపాలీ. నాట్ల వేళకు ఊరు వెళ్లి వస్తానన్నాడు వాడు. వాళ్ల దేశానికి సముద్రం లేదు. ఉన్నవల్లా కొండలూ మడిచెక్కలూ. మగపిల్లలంతా మలేషియాకో అరబ్బు దేశాలకో పోయారట. ఈ ఏడూ మడి బీడు పడితే అమ్మేస్తానని తల్లి ఫోన్లో ఏడ్చిందట.

నాకు నమ్మబుద్ధి కాలేదు. సేద్యం తప్ప వేరే ఆధారం లేని దేశం, సేద్యగాళ్లను మన తోటలకు తోలి, వాళ్లు పంపిన డబ్బుతో పక్క దేశం బియ్యం కొనుక్కుంటుందా? ఇంత కోత నేనెన్నడూ కొయ్యలేదు.

"ఎల్తే మరి రాడురా," అన్నాడు బావ. "పాస్‌పోర్టు నా బీరువాలో ఉంది గాబట్టి ఉన్నాడు."

"నీ బీరువాని సూసి కాదు బావా, అక్క సేపల పులుసు సూసి ఉన్నాడు."

"అంత నమ్మకవైతే పూచీ నువ్వుండు. ఆడొచ్చీదాకా గెలలు నువ్వే కొయ్యి. రాకపోతే సచ్చీదాకా కొయ్యి."

నేపాలీ నా వైపు చూశాడు. ఆ చూపుకి నోరు జారి ఊఁ అనేశాను.

వాడు విమానమెక్కాక అనుమానం నన్ను పట్టుకుంది. పొడుగు గెడకు కట్టిన కొడవలి ఎత్తినప్పుడల్లా భుజంలో కలుక్కుమనేది. బావ నీడన కూర్చుని నవ్వేవాడు.

ఒకనాడు వాడి దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. మోకాలిలోతు బురదలో నాట్లు వేస్తున్నాడు. బావ ఫోను లాక్కున్నాడు.

"ఇది సెకించాన్ కాదేటి? ఆ వరిపొలాల్లో ఇంకో బాసు దొరికినాడు నీ నేపాలీకి!"

సెకించాన్ మాకు గంట దూరం కూడా లేదు. ఫోను తిరిగి లాక్కున్నాను. ఫోటో పెద్దది చేసి చూశాను. వెనకాల కొండ కనబడింది. సెకించాన్ పొలాల్లో కొండ లేదు గానీ, ఈ రోజుల్లో ఫోన్లో కొండను నిలబెట్టడం ఎంతసేపు? అప్పుడు మనుషుల్ని చూశాను. ముసలమ్మలు, నడుం వంగిన ఒక తాత, చంటిపిల్లను వీపున కట్టుకున్న ఒక ఆడమనిషి. వాడి ఈడు మగవాడు ఇంకొకడు లేడు.

అబద్ధం నాకు చేతనైన విద్య. నేనైతే ఆ మడిలో పదిమంది కుర్రాళ్లనీ, గట్టు మీద ఒక ట్రాక్టర్నీ దింపేవాణ్ని. కల్పించేవాడు ఇంత వెలితి పెట్టడు.

"ఒస్తాడు బావా."

"నువ్వు సెప్పినావంటే రాడనే."

అన్న రోజుకే వచ్చాడు, వాళ్లమ్మ కట్టిచ్చిన అటుకుల మూటతో. బావ గుప్పెడు నోట్లో పోసుకుని, "క్లాంగు బజార్లో కొన్నాడేమో," అని నములుతూనే పాస్‌పోర్టు తిప్పి ముద్రలన్నీ చూశాడు.

"మడి దక్కిందా?" అనడిగింది అక్క.

దక్కిందని తలూపాడు నేపాలీ. వచ్చిన మలయ్‌లో తోటలో చెవిన పడ్డ, రాని తమిళం కలిపి అన్నాడు: "నాటేశాను బాస్. మరి పండాక కొయ్యడానికి ఊళ్లో ఎవరున్నారు?"

బావ నమలడం ఆపి నా వైపు తిరిగాడు. నా భుజం కలుక్కుమంది.