షెడ్డు మెయిన్ దించిన రోజు

జీడిమెట్లలో మాది మాత్రలు ఒత్తే అచ్చులు చేసే చిన్న షెడ్డు. అచ్చుల డ్రాయింగులన్నీ ఒక పాత సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటాయి. అది నడిచే కంప్యూటర్లు మూడూ చావుకు దగ్గరపడితే, వాటిని ఉన్నవున్నట్టు నాలుగోదాని లోపలికి ఎక్కించాను. వర్చువల్ కంప్యూటర్లంటారు. ఆ నాలుగోదీ ముసలిదే. మోయలేక మూలుగుతుంటే ప్రాసెసర్ వేగం పెంచి, ఇంకో ఫ్యాను బిగించాను. అప్పటినుంచి దాన్ని ఆపలేదు. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని భయం. అది లేవకపోతే షెడ్డుకు పని లేదు.

ఆయుధపూజ వచ్చింది. పూజయ్యాక కరెంటు మెయిన్ స్విచ్చి దించేయడం, తెల్లారి కొబ్బరికాయ కొట్టాకే ఎత్తడం షెడ్డు యజమాని, మా సేటు ఆచారం.

"సార్, గిదొక్కటి నడవనియ్యుండ్రి" అన్నాను.

"ఏంది పంతులూ! లేతు పండుకుంటది, డ్రిల్లింగు పండుకుంటది. నీ డబ్బాకు నిద్రొద్దా?"

"మళ్ల లేవకపోతే?"

"ఐతారం ఐతారం భయపడొద్దని మాకు చెప్తవు. ఇగ నువ్వే గజగజ వణుకుతున్నవేంది?"

అందరూ నవ్వారు. ఆదివారాలు మేడ్చల్ సత్సంగంలో పారాయణం చెప్పేది నేనే. అభయం మీద గంటసేపు మాట్లాడగలను. ఆయన చెయ్యి మెయిన్ మీదికి పోతుంటే మాత్రం నా నోట నామం కూడా రాలేదు. ఫ్యాన్ల చప్పుడు ఆగింది. సాయంత్రం దసరా జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్‌బలాయ్ తీసుకున్నవాళ్లంతా నా చేతులు సల్లగున్నయన్నారు.

తెల్లారి పెట్టె లేచింది. లోపలి మూడింటిలో ఒక్కటీ లేవలేదు. కంప్యూటర్లో కంప్యూటర్ను నడవనిచ్చే సెట్టింగు, వర్చువలైజేషన్, లేదని తెర మీద ఒక్క ముక్క. ఆ ముక్కనే మళ్లీ మళ్లీ చదివాను. అప్పుడు కనపడింది, తెర మూలన తేదీ. ఎన్నో ఏళ్ల కిందటిది.

కరెంటు లేనప్పుడు తేదీనీ సెట్టింగులనూ గుర్తుంచుకునే బిళ్లంత బ్యాటరీ లోపల ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడలేదు. మెయిన్ దిగగానే నేను పెట్టిన సెట్టింగులన్నీ, పెంచిన వేగంతో సహా, అది మరిచిపోయింది. సుచిత్ర చౌరస్తా దాకా పోయి గడియారాల దుకాణంలో కొత్త బిళ్ల తెచ్చి వేశాను. వర్చువలైజేషన్ మళ్లీ ఆన్ చేశాను. ఒకటి లేచింది. కాసేపటికి రెండోది. చివరికి మూడోది.

"సూసినవా పంతులూ, మంచిగ పండుకోని లేసింది" అన్నాడు సేటు.

వేగం మళ్లీ పెంచే ధైర్యం చేయలేదు. ఇప్పుడు డ్రాయింగు తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ కళ్లు మూసుకుని నామం చెప్పుకుంటాను. భక్తి అనుకుంటారు షెడ్డులో వాళ్లు. భయమని స్వామికి తెలుసు.