ఓష్రిత్ బిడ్డలో వాటాదారులు

హైఫాలో సిటీ బస్సు నడిపే ఓష్రిత్ గొంతు కొండ మీద కేకేస్తే కింద రేవు దాకా వినబడుతుంది. అంతటి గొంతూ ఒక్క విషయంలోనే మూగబోయింది: పిల్లల కోసం తీసుకుంటున్న వైద్యం. అత్తగారికి తెలిస్తే పూటకోసారి ఫోను చేసి ఆరా తీస్తుందని భయం. ఆ దేశంలో ఇద్దరు పుట్టేదాకా ఆ ఖర్చు సర్కారీ ఆరోగ్య బీమాదే. ప్రజల డబ్బు కాబట్టి, పుట్టబోయే బిడ్డలో ప్రజలందరికీ వాటా.

ఇంకో నెలలో ఆమెకి నలభై అయిదు నిండుతాయి. నిండాక బీమా చెల్లదు. ఆఖరి ప్రయత్నానికి అనుమతి ఆవేళే తెచ్చుకోవాలి, మర్నాటి నుంచి పండగ సెలవులు; అవి అయ్యాక అడిగితే వైద్యానికి వ్యవధి ఉండదు. తెలిసినవాళ్ల కంటబడకూడదని తన పేటలో బీమా ఆఫీసు మానేసి, తన బస్సు చివరి స్టాపు దగ్గరున్న ఆఫీసుకి వెళ్లింది. తన బస్సెక్కే జనమంతా అక్కడికే వస్తారన్న సంగతి, ఏళ్ల తరబడి వాళ్లని మోసిన మనిషికి తట్టలేదు.

"వరసలో ఆఖరెవరు?" అని అడిగి, వాళ్ల తర్వాత కూర్చుంది. కిటికీ మూసే వేళ దగ్గరపడుతోంది. ఇక ఆ ఊళ్లో అందరూ చేసే పనే చేసింది. లేచి, "ఒక్క మాట అడిగి వచ్చేస్తా," అంది.

"మేమంతా ఆ ఒక్క మాట అడగడానికే కూర్చున్నాం," అంటూ చేతికర్ర అడ్డం పెట్టింది ఫ్రుమా అనే ముసలావిడ. "వానలో నా మొహం మీద తలుపు మూసిన డ్రైవరువి నువ్వే కదూ?"

"టైమైపోయింది బామ్మా, అందుకని..."

"ఇప్పుడూ టైమే అయిపోతోంది. కూర్చో."

కిటికీ వెనక గుమాస్తా ల్యూబా తలెత్తకుండానే అడిగింది. "దేనికమ్మాయ్?"

ఓష్రిత్ గొణిగింది.

"వినబడలేదు."

మళ్లీ గొణిగింది.

"పిల్లల కోసం వైద్యమా? నెలలో నలభై అయిదు నిండిపోతాయా? మొదటి బిడ్డకా, రెండో బిడ్డకా?" ల్యూబా గొంతు వీధి దాకా వెళ్లొచ్చింది.

గదిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకాయన దానిమ్మరసం తాగమన్నాడు. ఒకామె డాక్టరుని మార్చమంది. "మీ ఆయన బిగుతు ప్యాంట్లు వేస్తాడా?" అని ఎవరో ఎంతో బాధ్యతగా వాకబు చేశారు.

ఫ్రుమా కర్ర తీసింది. "ముందే చెప్పి ఏడవొచ్చుగా మొద్దూ. వెళ్లు."

వెనకాయన "మరి నా మోకాలు..." అనబోయాడు.

"నీ మోకాలికి నలభై అయిదు ఎప్పుడో దాటాయి. నోర్మూసుకో."

అనుమతి వచ్చింది.

పండగ వెళ్లిన కొన్నాళ్లకి, వీధి చివర ఫ్రుమా కుంటుకుంటూ రావడం చూసి ఓష్రిత్ తలుపు తెరిచే ఉంచింది. వెనక హారన్లు మోగుతున్నాయి. ఆవిడ తీరిగ్గా ఎక్కి, బస్సంతా వినేలా, "నిలిచిందా?" అంది.

చెవుల దగ్గరి ఫోన్లన్నీ కిందికి దిగాయి. ఒక్క అత్తగారికి దడిసి దాచుకుంటే, బస్సు నిండా అత్తగార్లు దొరికారు.

"ఇంకా తెలీదు బామ్మా."

"అయితే నెమ్మదిగా పోనీ. గోతుల్లో దింపకు."

ఆ రోజు నుంచి ఆ బస్సు రోజూ ఆలస్యమే. ఫిర్యాదు చేసిన వాటాదారు మాత్రం లేడు.